రెజ్యూమ్ పంపియ్యి, చూద్దాం

మేడ్చల్‌లో సాఫ్ట్‌వేర్ మనిషిని పట్టుకోవాలంటే ఆదివారం పొద్దున పదికీ పదకొండుకీ మధ్యే. పదికి ముందు లేవడు. పదకొండు దాటితే మటన్ కొట్టు ముందు నిలబడి ఉంటాడు. అక్కడ ఏమడిగినా చూపు కత్తి మీదే ఉంటుంది, జవాబు మాత్రం ఎటో పోతుంది. మిగతా రోజుల్లో ఇంట్లో ఉన్నా ఉన్నట్టు కాదు. మనం గేటు తీయగానే వాళ్లావిడ రెండు చేతులూ ఊపుతూ ఎదురొచ్చి, "కాల్‌లో ఉన్నారు" అని గుసగుసగా చెప్తుంది. ఇంట్లో కుక్క కూడా మొరగదు, దానికీ అలవాటైపోయింది.

ఈ వేళాపాళా అంతా నాకెందుకు తెలియాల్సి వచ్చిందంటే మా అక్క కొడుకు వల్ల. వాడు కండ్లకోయ, మైసమ్మగూడ మధ్య వరుసగా ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒకదాంట్లో బీటెక్ ఆఖరి సంవత్సరం. వెబ్ డెవలపర్ అవుతానంటాడు. "వానికి లోకం తెల్వదురా తమ్మీ, నీకు నలుగురు తెలుసు. తోల్కపోయి జాబ్ చేసేటోళ్లను అడుగు" అని అక్క ఆజ్ఞ.

నాకు నలుగురు తెలిసిన మాట నిజమే. నాది పాత హైవే పక్కన విత్తనాలు, ఎరువుల దుకాణం. పొలాలు ప్లాట్లయి, ప్లాట్లు డూప్లెక్సులయ్యాక నా గిరాకీ కూడా మారింది. నాన్న హయాంలో యూరియా బస్తాలు ఉద్దెరకు పట్టుకుపోయిన జాగాల నుంచే ఇప్పుడు బాల్కనీలో పెంచుకోవడానికి కొత్తిమీర గింజలు, కిలో వర్మీ కంపోస్టు ప్యాకెట్టు కోసం వస్తున్నారు. ఫోన్‌పేలో కొట్టి, వెళ్తూ వెళ్తూ, "ఎన్ని రోజులకు మొలుస్తుంది?" అని అడుగుతారు. అలా నాకు ఈ కాలనీల్లో ప్రతి టీమ్ లీడూ తెలుసు, వాళ్ల కొత్తిమీర పరిస్థితీ తెలుసు.

చదువుకు మా చుట్టుపక్కల కొదవ లేదు. శామీర్‌పేట వైపు పోతే 1998లో వచ్చిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 2008లో మొదలైన బిట్స్ పిలానీ క్యాంపస్, ఇంకాస్త ముందుకు పోతే జీనోమ్ వ్యాలీ. లాయరు కావాలన్నా, వ్యాక్సిన్ కావాలన్నా మా సరిహద్దు దాటనక్కర్లేదు. వెబ్ పేజీ చేసేవాడు మాత్రం సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా గచ్చిబౌలి నుంచి ఇంటికి చేరాల్సిందే. కండ్లకోయలో ఐటీ పార్కుకు 2022 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగినప్పుడు మా దగ్గర ఉద్యోగాల కంటే ముందు గజం రేటు లేచింది. అది మా ఊరి నైజం. మేడ్చల్‌లో ఏ సలహా అయినా రెండు నిమిషాలు ఆగితే ప్లాటు సలహా అయిపోతుంది.

మొదట మా వెనక వీధి పెద్దాయన దగ్గరికి పోయాం. గుంటూరు వైపు మనిషి, బాల్కనీలో గోంగూర వేస్తాడు, బాగా వస్తుంది. కాఫీ ఇప్పించి, కాలు మీద కాలేసుకుని మొదలుపెట్టాడు.

"చూడు బాబూ, మా రోజుల్లో అమీర్‌పేట మైత్రీవనం ముందు నిలబడితే చాలు, చేతిలో పాంప్లెట్లు పెట్టేవాళ్లు. ఆ పాంప్లెట్ పట్టుకుని మెట్లెక్కినవాడు ఆర్నెల్లకు అమెరికాలో తేలేవాడు."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అప్పటి పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే రాసి పెట్టారు. 99 తర్వాత 00 వస్తే కంప్యూటరు దాన్ని 1900 అనుకుంటుందేమోనని బ్యాంకులు, ఎయిర్‌లైన్సులు, ప్రభుత్వాలు అన్నీ వణికాయి. ఆ వణుకు మనవాళ్లకు ఉద్యోగమైంది. కోబాల్ నేర్చుకున్న వాళ్లకు నేర్చుకున్నట్టే వీసా. 1998 నవంబరులో వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి తెలుగువాళ్లింట ఒక్కొక్కరికి రెండు సున్నాల పుణ్యాన మూడో సున్నా కూడా చేరింది, జీతంలో. పెద్దాయన చదివింది ఎమ్మెస్సీ బోటనీ. గోంగూర రహస్యం నాకు అప్పుడు తెలిసింది.

"మరి వెబ్ గురించి అంకుల్?" అన్నాడు మావాడు వినయంగా.

"వెబ్‌దేముంది బాబూ, హెచ్‌టీఎంఎల్. పది రోజుల్లో వచ్చేస్తుంది" అని కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

తిరిగొచ్చేప్పుడు బండి మీద వెనక కూర్చుని మావాడు చెప్పాడు: 1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఆయన జావాస్క్రిప్ట్ మొదటి రూపాన్ని పది రోజుల్లోనే కట్టి ఇచ్చాడట. పది రోజుల్లో కట్టినదాన్ని లోకమంతా 30 ఏళ్లుగా మరమ్మతు చేసుకుంటూనే ఉందట. "మనకు పది రోజులు అంటే గదే గ్యారంటీ మామా" అన్నాడు.

తరువాత ఇద్దరూ ఒకే అపార్ట్‌మెంటు వాళ్లు. మూడో అంతస్తు ఆయన, "రియాక్ట్ తప్ప ఇంకోటి ముట్టుకోకు" అన్నాడు. కింద పార్కింగ్‌లో కారు తుడుచుకుంటున్న రెండో అంతస్తు ఆయన, "రియాక్టా? కంపెనీల్ల నడిచేది యాంగ్యులరే తమ్మీ" అన్నాడు. మావాడు నోట్‌బుక్కులో రెండూ రాసుకున్నాడు. పై ఆయన మెట్లు దిగి వచ్చాడు. వాళ్లిద్దరికీ మెయింటెనెన్స్ ఛార్జీల దగ్గరే పాత గొడవ ఉంది, ఇప్పుడు దానికో కొత్త సాకు దొరికింది. మంజీరా నీళ్ల ట్యాంకరు హారన్ కొట్టేదాకా వాదించుకున్నారు. దాంట్లోనే నాకో సంగతి అర్థమైంది. యాంగ్యులర్ మొదట 2010లో వచ్చిందట. నేర్చుకుని కుదురుకున్నాక 2016లో రెండోది వచ్చింది. పేరు అదే, సరుకు వేరే. పాతది తెలిసినవాడు మళ్లీ ఓనమాలు దిద్దుకోవాల్సి వచ్చింది. ఆయన ఆ మాట చెప్తున్నప్పుడు కారు అద్దం మీద ఒకే చోట గుడ్డతో రుద్దుతూనే ఉన్నాడు.

పై అంతస్తు ఆయన ఇంకో ఉపదేశం కూడా చేశాడు. "ఒక్క కంపెనీలనే కూసోకు. రెండేళ్లకోసారి జంప్ కొట్టాలె. అప్పుడే ప్యాకేజీ పెరుగుతది. సత్య నాదెళ్లను చూడు, మనోడే, యాడికి పోయిండో!" నాదెళ్ల మనవాడే, బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివాడు, కాదనను. కానీ ఆయన 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయ్యాడు. మధ్యలో 22 ఏళ్లు అదే కంపెనీలో "కూసున్నాడు." ఈ లెక్క మావాడు ఫోన్లో చూసి నాకు చూపించాడు గానీ ఆయనకు చూపించలేదు. పెద్దలంటే మావాడికి గౌరవం.

అందరిలోకీ నాకు నచ్చినవాడు శామీర్‌పేట చెరువు దగ్గర కలిసినతను. ఆదివారం సాయంత్రం చెరువు చుట్టూ బైకులు, కార్లు, మొక్కజొన్న కంకులు కాల్చే బండ్లు, సెల్ఫీలు. ఇతను ఒక్కడే కారుకు ఆనుకుని కంకి తింటున్నాడు. మా దుకాణంలో జామ మొక్క కొన్న పరిచయం. విషయం చెప్తే నవ్వాడు.

"నేను ఫ్లాష్ నేర్చుకున్నన్నా. బొమ్మలు కదిలేది, బటన్ నొక్కితే తలుపులు తెర్సుకునేది. సినిమా వెబ్‌సైట్లు, గేములు అన్నీ అందులనే. అప్పుడు నేనంటే నేను. 2010ల స్టీవ్ జాబ్స్ ఒక ఉత్తరం రాసిండు, మా ఫోన్ల ఫ్లాష్ నడువదు, నడపం అని. నేను నవ్విన. గొప్ప ఉత్తరమని అందరు చదివిండ్రు. 2020 డిసెంబర్ 31 నాడు కంపెనీ వాళ్లే దుకాణం బంద్ చేసిండ్రు."

కంకి మీద ఇంకో నిమ్మచెక్క రుద్దుకుని మావాడి వైపు చూశాడు. "నీకేం చెప్పాల్నో నాకు నిజంగ తెల్వదు తమ్మీ. బొమ్మ కదిలితే మనుషులు ఆగి చూస్తరు, గదొక్కటి మారలే."

అమెరికాలో ఒకాయన రాసిన ఉత్తరం శామీర్‌పేట కట్ట మీద ఒకడికి అందడానికి పదేళ్లు పట్టింది. మన పోస్టాఫీసును అనవసరంగా తిడతాం.

ఇక్కడ నా వ్యాపారం మాట ఒకటి చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 1966 నాటి విత్తన చట్టం ఒకటుంది. దాని ప్రకారం నేనమ్మే ధృవీకరించిన విత్తనాల సంచికి ట్యాగు కుట్టి ఉండాలి. రకం పేరు, లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, అది చెల్లే గడువు. వరికి మొలక 80 శాతానికి తగ్గకూడదు. పరీక్ష చేసిన రోజు నుంచి తొమ్మిది నెలలు చెల్లుతుంది, ఆ తర్వాత మళ్లీ పరీక్షకు పంపాల్సిందే. తనిఖీకి వచ్చే అధికారి ముందు ఆ ట్యాగు చూస్తాడు, తర్వాతే నా మొహం. పొలంలో చల్లే గింజకు ఇంత లెక్క ఉంటే, పిల్లవాడి నెత్తిన చల్లే సలహాకు ఒక్క తేదీ కూడా ఉండదు. పెద్దాయన సలహా పరీక్ష చేసింది 1998లో, అమీర్‌పేట నేలలో. అప్పుడు 100 శాతం మొలిచింది, ఒప్పుకుంటాను. రియాక్టును ఫేస్‌బుక్ వాళ్లు లోకానికి వదిలింది 2013లో. మూడో అంతస్తు ఆయన అది అందుకున్న ఏడాదిలోనే పెళ్లి చేసుకున్నాడు, అందుకే రెండింటి మీదా ఆయనకు అంత నమ్మకం. ఎవరూ కల్తీ సరుకు అంటగట్టలేదు. వాళ్ల చేతిలో మొలిచిందే ఇచ్చారు, సంచి మీది ట్యాగు మాత్రం చింపేసి ఇచ్చారు. గడువు దాటిన గింజలో కూడా కొన్ని మొలుస్తాయి. అమ్మేవాళ్లకు అంత ధైర్యం అక్కడి నుంచే వస్తుంది.

సలహాలన్నీ చివరికి ఒక్క మాట దగ్గర ఆగేవి: "రెజ్యూమ్ పంపియ్యి, చూద్దాం." గేటు దాకా వచ్చి, చెప్పులు వేసుకుంటున్నప్పుడు చెప్తారు. మావాడు మొదట్లో పొంగిపోయేవాడు, అదే రాత్రి పంపేవాడు. తర్వాత నాకు తెలిసిందేమంటే, చాలా కంపెనీల్లో మనిషిని చేర్పిస్తే చేర్పించినవాడికి కొంత డబ్బు ఇస్తారు. అంటే డబ్బు వస్తుందని తెలిసి కూడా వాళ్లు చూడటం లేదు. ఇంకొంచెం ఆరా తీస్తే తెలిసింది, ఒక్కొక్కరికి ఇట్లాంటి రెజ్యూమ్‌లు బామ్మర్దులవి, చిన్నత్తల కొడుకులవి, అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కూతురివి గుట్టలుగా వచ్చి పడుతుంటాయట. "చూద్దాం" అనడంలో అబద్ధం లేదు. ఎప్పుడు అనేదే వాళ్లు చెప్పరు.

మావాడు ఊరుకోక తెలియని వాళ్లను కూడా అడిగాడు. లింక్డిన్‌లో బెంగళూరు ఆయనెవరో, "గ్రైండ్ చెయ్ బ్రో" అని జవాబిచ్చాడు. మా అక్క అది విని, "ఇడ్లీ పిండి సంగతి వానికెందుకు?" అంది.

మూడో అంతస్తు ఆయన దగ్గరికి మళ్లీ పోయాం, ఈసారి ప్రశ్నలు రాసుకుని. ఫ్రంట్ ఎండా, బ్యాక్ ఎండా? "డిపెండ్స్." చిన్న కంపెనీ మేలా, పెద్దదా? "డిపెండ్స్." ఎమ్మెస్‌కు పోవాల్నా? "బడ్జెట్ మీద డిపెండ్స్." చాట్‌జీపీటీ వచ్చినంక ఈ కోడ్ రాసుడు ఉంటదా సార్? ఆ ప్రశ్నకు మాత్రం ఆయన డిపెండ్స్ అనలేదు. లేచి తలుపు దగ్గరికేసి వచ్చాడు. 2022 నవంబరు ఆఖరులో అది వచ్చినప్పటి నుంచి వాళ్ల ఆఫీసులో ఎవరూ కాఫీ చల్లారకుండా తాగలేదట. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "అన్నా, నిన్నొకటి అడగాలె" అన్నాడు.

శామీర్‌పేట అవతల రెండెకరాలు చూశాడట. జాబ్ మానేసి డ్రాగన్ ఫ్రూట్ వేద్దామని. స్తంభాలు, డ్రిప్పు, అన్నీ యూట్యూబ్‌లో చూశాడట. ఎకరాకు ఎంత మిగుల్తది, ఎన్నేండ్లకు కాపుకొస్తది, నాబోటోనికి అయితదా, అని ఒకదాని మీద ఒకటి అడిగాడు. ఉద్యోగం చేసేవాడు వ్యవసాయంలో ఉన్నవాడిని కెరీర్ సలహా అడగడం నా దుకాణంలో కొత్త కాదు. డూప్లెక్సులు వచ్చినప్పటి నుంచి వారానికి ఒకరైనా వస్తారు. నేనూ ఎప్పుడూ చెప్పేదే చెప్పాను.

"అది నేలను బట్టి ఉంటది సార్. నీళ్లను బట్టి, కూలీలను బట్టి ఉంటది."

ఆయన మొహం వాడిపోయింది. అది చూసి, గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ, "భూసార పరీక్ష రిపోర్టు పంపియ్యండి, చూద్దాం" అన్నాను. మావాడు లిఫ్టులో కిందికి వచ్చేదాకా నవ్వు ఆపుకున్నాడు, పార్కింగ్‌లో మాత్రం ఆపుకోలేకపోయాడు.

నిజానికి కెరీర్ సలహాల్లో రాష్ట్రమంతా తెలిసిన మాట మా మేడ్చల్‌దే. మా ఎమ్మెల్యే చామకూర మల్లారెడ్డి గారు పాలమ్మిన, పూలమ్మిన, కష్టపడ్డ, సక్సెస్ అయిన అన్నది రీల్సు చూసే ప్రతి పిల్లవాడికీ నోటికి వచ్చు. జనం నవ్వుకున్నారు గానీ మావాడు దాన్ని సీరియస్‌గా తీసుకున్నాడు. "ఆయన మాటల సరుకు పేరుంది మామా. పాలు, పూలు. మనం అడిగినోళ్లల్ల ఎవరన్న ఏమమ్ముతున్నరో చెప్పిండ్రా?" నిజమే. ఇన్ని వారాలు ఇంతమంది ఇంటి కాఫీ తాగాం, పొద్దున తొమ్మిదికి కూర్చున్నాక సాయంత్రం దాకా చేతులతో ఏం చేస్తారో ఒక్కరూ చెప్పలేదు. చెప్పింది ప్యాకేజీ, ప్లాట్‌ఫాం, ప్లాటు.

చెప్పినవాడు డిపో దగ్గర ఫ్లెక్సీ ప్రింటింగ్ కొట్టతను. నేను బోనాల ఫ్లెక్సీ కోసం పోయాను, మావాడు ఊరికే వెంట వచ్చాడు. అతను వెబ్‌సైట్లు కూడా చేస్తాడని నాకు అప్పటిదాకా తెలియదు. ఫంక్షన్ హాళ్లకు, వెంచర్లకు, బోర్‌వెల్ వాళ్లకు, కోళ్ల దాణా కంపెనీలకు. మావాడు అడిగాడో లేదో, ఒక కన్ను స్క్రీన్ మీద, ఒక కన్ను ప్రింటరు మీద పెట్టి చెప్పుకుపోయాడు.

"ముందుగాల సగం పైసలు తీస్కో తమ్మీ. డొమైన్ కస్టమర్ పేరు మీద కొను, నీ పేరు మీద కొంటే వచ్చే ఏడు రెన్యువల్‌కు నువ్వే కట్టాలె. సైటు కింద నీ ఫోన్ నంబర్ ఎయ్యకు. నేను ఒకసారి ఏసిన, మాఘమాసమంత హాలు ఖాళీ ఉందా అని నాకే ఫోన్లు. ఫోటోలు వాట్సాప్‌ల పంపుతరు, మసక మసక ఉంటయి. డాక్యుమెంట్ లెక్క పంపుమను. కంప్యూటర్ మీద ఎట్ల కనిపిస్తదో ఎవడు చూడడు, తక్కువ రేటు ఫోన్ల, లిఫ్టుల, సిగ్నల్ సగం ఉన్నకాడ తెరువాలె. గదే నీ పరీక్ష."

తర్వాత ఒక సైటు తెరిచి చూపించాడు. పైన గణపతి, కింద పెళ్లిమంటపం బొమ్మ, ఆ కింద హాలు గురించి నాలుగు వరుసలు ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, ప్రశ్నార్థకాలు, నెత్తిన టోపీలు పెట్టుకున్న అక్షరాలు, మధ్యలో ఒక డిగ్రీ గుర్తు. "ఇదేం భాష?" అన్నాను.

"తెలుగే సేట్." వాళ్ల కొట్లో, ప్రతి పెళ్లిపత్రికల కొట్లో లాగే, అను ఫాంట్లలో టైపు చేస్తారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో అది ముత్యాల్లాంటి తెలుగు. లేనిచోట ఇదీ అవతారం. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి ఎక్కించాలి. మార్చాక ఒత్తులు, సున్నాలు ఎక్కడైనా జారిపోయాయేమో ఒక్కొక్క మాటా చదువుకోవాలి. "సుముహూర్తంల ఒత్తు పోతే ఆ పెళ్లిపెద్దలు నన్ను వదిలిపెడ్తరా? కోడ్ రాసుడు పోరగాండ్లందరికి వచ్చు. గీ తప్పు చూసేటోడు దొరకడు." మావాడు నోట్‌బుక్కు తీశాడు. ఈసారి రెండు పేజీలు నిండాయి. అతని సలహాకు పరీక్ష తేదీ అంటారా, ఆ రోజు పొద్దునే.

పని కూడా అక్కడే దొరికింది. శామీర్‌పేట రోడ్డు మీది ఒక ఫంక్షన్ హాలు. ఓనరు షరతులు ఓనరువి. పైన గణపతి, పక్కన తన ఫోటో, తన పక్కన నాయకుడి ఫోటో, బుకింగ్ నంబరు ఎర్ర అక్షరాల్లో కుడి నుంచి ఎడమకు పరుగెత్తుతూ ఉండాలి. అట్లా పరుగెత్తించే పద్ధతి ఎప్పుడో పాతబడిపోయిందని, పెద్ద కంపెనీల్లో ఎవరూ వాడరని మావాడు నచ్చజెప్పబోయాడు. "రైల్వే స్టేషన్ల బోర్డు తిరుగుతలేదా? అది సర్కారుది. సర్కారుకు తెల్వదా?" అన్నాడు ఓనరు. మావాడికి అది కాలేజీలో ఎవరూ చెప్పలేదు. గుర్తొచ్చిన ఒకే ఒక్క మనిషికి ఫోన్ చేశాడు. గుంటూరు పెద్దాయన మార్క్వీ ట్యాగు అక్షరాలు తడుముకోకుండా చెప్పి, వేగం ఎట్లా తగ్గించాలో కూడా చెప్పి, ఆ సాయంత్రం మా ఇంటికి గోంగూర కట్ట పట్టుకుని వచ్చాడు. పాతికేళ్ల తర్వాత తన ఒక్క ముక్క ఎక్కడో పనికొచ్చిందని ఆయనకు ఉన్న సంతోషం ఆ గోంగూరలో తెలిసింది. సైటు తన ఫోన్లో మూడుసార్లు తెరిచి, నంబరు పరుగెత్తుతుంటే చూసుకున్నాడు.

బేరం 8 వేలకు కుదిరింది. ఫ్లెక్సీ కొట్టతని మాట ప్రకారం మావాడు 4 వేలు ముందే తీసుకున్నాడు. సైటు లేచాక మిగతా సగం కోసం ఇద్దరం వెళ్లాం. ఓనరు మావాడికి కుర్చీ వేయించి, థమ్సప్ ఇప్పించి, భుజం మీద చెయ్యేసి అన్నాడు:

"మస్తు చేసినవ్ తమ్మీ. గీ నాలుగు వేలకేం తొందర? నీ పెండ్లికి హాలు కిరాయిల కట్ చేస్కుందాం."

ఇంటికొచ్చి చెప్తే మా అక్క కాసేపు ఆలోచించి, "ఏసీ హాలా, నాన్ ఏసీనా?" అని అడిగింది.